ప్రొస్టేట్ క్యాన్సర్‌కు రక్తంతో చేసే జన్యు పరీక్ష: చేయించుకున్నాక తెలిసినవి

హార్మోన్ ఇంజెక్షన్లతో పాటు పురుష హార్మోన్ల తయారీని ఆపే అబిరాటెరోన్, దానికి తోడుగా ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా నాన్నగారి పీఎస్ఏ (ప్రొస్టేట్ క్యాన్సర్ తీరును రక్తంలో సూచించే ప్రొటీన్) మళ్లీ పెరగడంతో, ఆంకాలజిస్టు సలహా మీద హైదరాబాదులోని ఒక ప్రైవేటు ల్యాబులో ఈ పరీక్ష చేయించాము. కణితి నుంచి రక్తంలోకి విడుదలైన డీఎన్ఏను ఇందులో పరిశీలిస్తారు. ఇంటికే వచ్చి రక్తం తీసుకువెళ్లారు కనుక, జబ్బు పాకిన ఎముక నుంచి సూదితో ముక్క తీయించుకునే బాధ తప్పింది. నివేదిక మాత్రం చెప్పిన గడువుకు వారం ఆలస్యంగా అందింది.

అంత పెద్ద నివేదికలో మాకు పనికివచ్చింది ఒక్క వరుస: ఆండ్రోజెన్ రిసెప్టర్ జన్యువులో ఎల్702హెచ్ అనే మార్పు. కణాల్లో ఉండే ఈ రిసెప్టర్ అనే ప్రొటీన్ మామూలుగా పురుష హార్మోన్లకు స్పందించి కణితిని పెంచుతుంది. 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపినట్లు, ఆ హార్మోన్లు అందకుండా చేస్తే జబ్బు తగ్గేది అందుకే. ఎల్702హెచ్ మార్పు వచ్చిన రిసెప్టర్‌ను కార్టిసాల్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు కూడా మేల్కొలపగలవు. అంటే, అబిరాటెరోన్ దుష్ప్రభావాలను అదుపులో ఉంచడానికి రోజూ వేసుకుంటున్న మాత్రే కణితికి మేత అవుతూ ఉండవచ్చు. ఈ ఒక్క సమాచారం కోసమైనా పెట్టిన ఖర్చు దండగ కాలేదు.

నా అసంతృప్తి నివేదిక చెప్పకుండా వదిలేసిన విషయాల పట్ల. హార్మోన్ అతుక్కునే భాగమే లేకుండా, హార్మోన్‌తో పని లేకుండానే పనిచేసే ఏఆర్-వీ7 అనే రిసెప్టర్ రూపం ఒకటి ఉంది. అది రక్తంలోని కణితి కణాల్లో కనిపించిన రోగులకు అబిరాటెరోన్, రిసెప్టర్‌ను అడ్డుకునే ఎంజాలుటమైడ్ అనే మందు సరిగా పనిచేయలేదని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించారు. అది ఆర్ఎన్ఏ (డీఎన్ఏ నుంచి కణం తయారుచేసుకునే నకలు) స్థాయిలో జరిగే మార్పు కాబట్టి డీఎన్ఏ మాత్రమే చదివే ఈ పరీక్షకు దొరకదు. అయినా ల్యాబు వారిని ఫోనులో అడిగితే "అన్నీ చూశామండీ" అన్నారు. డీఎన్ఏ మరమ్మతుకు తోడ్పడే బీఆర్‌సీఏ2 జన్యువులో మార్పు లేదన్న ఫలితం కూడా, రక్తంలో కణితి డీఎన్ఏ తగినంత ఉన్నప్పుడే నమ్మదగినది. ఆ శాతాన్ని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వేశారు. ఆ జన్యువులో మార్పు ఉన్నవారికి పనికివచ్చే ఒలాపరిబ్ అనే మందు ఇవ్వాలా వద్దా అన్నది అటువంటి ఫలితం మీదే ఆధారపడుతుంది కనుక అది మొదటి పేజీలో ఉండవలసిన అంకె.

రుసుములో కలిపిన జన్యు సలహా పది నిమిషాల ఫోను సంభాషణ, అదీ పూర్తిగా ఇంగ్లీషులో. మధ్యలోనే నాన్నగారు ఫోను నా చేతికిచ్చి, "ఇంతకీ ఆ ప్రెడ్నిసొలోన్ ఆపాలో వద్దో అడుగు" అన్నారు. స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి మానకూడదన్న కనీస హెచ్చరిక కూడా మాకు డాక్టరుగారి దగ్గరే దొరికింది.