రెండు 4 టీబీ డిస్కులు పెట్టి 7.2 అని చూపిస్తే డబ్బులు కట్టకండి

కర్నూల్లో నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లన్నీ దాచుకునే డిస్కుల పెట్టె) కొనాలని తిరుగుతున్న స్టూడియో వాళ్లు ఇది చదివి పోండి.

2009 అక్టోబరు వరదలో మా నాన్న తీసిన నెగెటివ్‌లన్నీ బురదలో కలిసిపోయినాయి. అప్పట్నుంచి పెళ్లి ఫొటోలు ఒక్కచోటే ఉంటే నాకు నిద్ర పట్టదు. ఆ భయంతోనే రెండు డిస్కుల నాస్ కొన్నా. షాపాయన మాటలు వింటే అదొక అక్షయపాత్ర: "అన్నా, ఫోన్ బ్యాకప్ దీంట్లోనే, సీసీ కెమెరాల రికార్డింగ్ దీంట్లోనే, టీవీలో సినిమాలూ దీంట్లోంచే. ఒక డిస్కు పోయినా ఇంకోటి ఉంటాది, నిమ్మళంగా పడుకో."

సెట్టింగ్ కూడా ఆయనే చేసిచ్చినాడు. తెర మీద 7.2 టీబీ అని కనపడితే, రెండు నాలుగులు ఎనిమిది, కొంచెం తరుగు పోతుందిలే అనుకున్నా. అది రెయిడ్ 0 అంట. ఫైలును ముక్కలు చేసి కొన్ని ఈ డిస్కులో, కొన్ని ఆ డిస్కులో రాస్తుంది. ఒకటి పోతే రెండోదాంట్లో ఉన్నవి ఎందుకూ పనికిరాని ముక్కలు. ఒకదానికొకటి నకలుగా ఉండేది రెయిడ్ 1. అట్ల పెట్టి ఉంటే అవే డిస్కులు 3.6 చూపించాల్సింది.

పోయిన మేలో ఒక పొద్దున షట్టర్ ఎత్తుతానే లోపల కీ కీమని కూత, బాక్స్ మీద నారింజ లైటు. పదకొండు పెళ్లిళ్లు దాంట్లో. కెమెరా మెమరీ కార్డులు ఇంకా తుడవని ఏడు బతికినాయి. మిగతా నాలుగిళ్లకు నేనే పోయి చెప్పినా. ఒకామె ఏమీ అనకుండా మంచినీళ్లు తెచ్చిచ్చింది, తిట్టింటే బాగుండు. వారంటీలో కొత్త డిస్కు ఇచ్చినారు, ఖాళీది. షాపాయన మాత్రం "నీకు జాగా ఎక్కువ రావాలనే అట్ల పెట్టినా అన్నా" అంటాడు!

మిగతా హంగులూ అంతే. నాకు నాలుగు కెమెరాలు, ఉచిత లైసెన్సు రెంటికే. 4కే వీడియోను టీవీకి తగ్గట్టు మార్చి పంపాలంటే దాని ప్రాసెసర్‌కు ఆయాసం. బయటినుంచి చూసుకోవాలని రూటర్లో పోర్టు తెరవమంటే తెరవకండి, వీపీఎన్ (బయటినుంచి మన నెట్‌వర్క్‌లోకి వచ్చే తాళమేసిన దారి) పెట్టించుకోండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇట్ల నెట్‌కు తెరిచిపెట్టిన నాస్‌ల్లోనే దూరి, ఫైళ్లకు తాళమేసి బిట్‌కాయిన్ అడిగింది. పనికొచ్చినదల్లా యూపీఎస్‌కు యూఎస్‌బీ వైరు కలపడం: కరెంటు పోయి బ్యాటరీ తగ్గితే బాక్స్ తనంతట తానే ఆగిపోతుంది.

రెయిడ్ 1 ఉన్నా, పొరపాటున డిలీట్ చేస్తే రెండిట్లోనూ పోతుంది. అందుకే ఇప్పుడు వారానికోసారి బయటి డిస్కుకు కాపీ తీసి కల్లూరులో మా అక్క బీరువాలో పెడుతున్నా.

షాపులో ఉండగానే సెట్టింగ్ తెరిపించి కళ్లారా చూడండి, బిల్లు మీద "రెయిడ్ 1" అని రాయించుకోండి. నా బిల్లులో "నాస్ 1, డిస్కు 2" అనే ఉంది. వినియోగదారుల కమిషన్‌కు పోదామన్నా, ఆయన నోటితో చెప్పినదానికి చేతిలో కాగితం లేదు.