టమాటా: రంగు తిరగగానే కోయాలా, మొక్క మీదే పండనివ్వాలా?

నేనైతే కాయ అడుగున లేత గులాబీ ఛాయ కనబడగానే కోసేస్తాను. ఆ దశకు వచ్చిన టమాటా కాయను పండించే ఇథిలీన్ వాయువును తానే తయారుచేసుకుంటుంది కాబట్టి గదిలో పెట్టినా పండుతుంది. పక్షులు, ఉడతల బెడద తగ్గుతుంది. పెద్ద వాన పడితే పండే కాయలు పగులుతాయన్న టెన్షనూ ఉండదు. ఎండాకాలంలో ఇంకో లాభం ఉంది: 30 డిగ్రీలు దాటిన వేడిలో ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారవదు. 20-25 డిగ్రీలుండే నీడలో పెడితే చక్కగా ఎర్రబడుతుంది. కిటికీ ఎండ అక్కర్లేదు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, పండడం ఆగిపోతుంది, రుచీ పోతుంది.

మొక్క మీదే పూర్తిగా ఎర్రబడనిస్తే? రుచి కాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ కాయ త్వరగా మెత్తబడుతుంది, వెంటనే వాడేయాలి. వాతావరణం చల్లగా, పొడిగా ఉండి, రోజూ మొక్కల దగ్గరికి వెళ్లే తీరిక ఉంటే ఇదే మేలు.

తొందరపడి ఇంకా ముదరని పచ్చికాయ కోశారా, రెంటికీ చెడ్డ రేవడే. అది వడలిపోతుంది గానీ సరిగా పండదు.

విత్తనానికి ఉంచే కాయను మాత్రం నేనూ మొక్క మీదే బాగా పండనిస్తాను.