టెస్లాకు వేరే యాప్: నెలకు ఐదు డాలర్లు కట్టాలా, సొంత సర్వర్ పెట్టుకోవాలా?

డాలస్ వైపు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో శనివారం భోజనాలయ్యాక మగవాళ్ళంతా గరాజ్‌లో చేరడం మామూలే. ఒకప్పుడు అక్కడ ఇళ్ళ రేట్లు, వీసా డేట్లు మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరో ఒకరు ఫోన్ తీసి తమ మోడల్ వై బ్యాటరీ గ్రాఫ్ చూపిస్తారు. రెండేళ్ళలో ఎంత అరిగింది, రాత్రి నిలబెట్టిన చోటే ఎంత ఛార్జ్ కారిపోయింది, ఆస్టిన్ వెళ్ళొస్తే మైలుకు ఎంత కరెంటు పట్టింది, అన్నీ అందులో ఉంటాయి. "ఇదేం యాప్? నెలకెంత?" అని వెంటనే నలుగురు అడుగుతారు. "దానికి కారు మీద ఏమేం పర్మిషన్లు ఇచ్చావు?" అని అడిగినవాళ్ళను మాత్రం నేనింతవరకు చూడలేదు.

ముందు డబ్బు సంగతి తేల్చేసి, ఆ రెండో ప్రశ్నకు వస్తాను.

కంపెనీ యాప్ సరిపోదా?

చాలామందికి సరిపోతుంది. టెస్లా సొంత యాప్ ఉచితం. ఈ నెల ఇంట్లో ఎంత ఛార్జ్ చేశారు, సూపర్‌ఛార్జర్ దగ్గర ఎంత చేశారు, పెట్రోల్ కారుతో పోలిస్తే ఎంత మిగిలింది, ఇవన్నీ చూపిస్తుంది. రోజూ ఇంట్లో ఛార్జ్ పెట్టి ఆఫీసుకు వెళ్ళొచ్చేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు.

వేరే యాప్ నిజంగా అక్కరకొచ్చేది ప్రయాణాల చిట్టా కావలసినవాళ్ళకు. 1099 మీద, అంటే ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు, చిన్న వ్యాపారాలున్నవాళ్ళు పని మీద తిరిగిన మైళ్ళను పన్నులో చూపించుకోవచ్చు. 2025కు అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ రేటు మైలుకు 70 సెంట్లు. 40 మైళ్ళ ట్రిప్ ఒక్కటి రాసుకోవడం మరిచిపోతే 28 డాలర్ల తగ్గింపు పోయినట్టే. ప్రతి ట్రిప్పునూ దానంతటదే రాసిపెట్టే యాప్ అలాంటివాళ్ళకు మొదటి నెలలోనే తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది.

బ్యాటరీ గ్రాఫ్ కోసమే కొనేవాళ్ళకు ఒక మాట. బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్ళు లేదా మోడల్‌ను బట్టి నిర్ణీత మైళ్ళు, ఏది ముందైతే అది. ఆ లోపల సామర్థ్యం 70 శాతం కంటే కిందికి పడిపోతే క్లెయిమ్ చేసుకోవచ్చు. కానీ మన యాప్‌లో గ్రాఫ్ చూపించి సర్వీస్ సెంటర్‌తో వాదిస్తే లాభం లేదు. వాళ్ళు తమ పరీక్షనే లెక్కలోకి తీసుకుంటారు. గ్రాఫ్ మన మనశ్శాంతికి, లేదా మన టెన్షన్‌కి.

కట్టే సర్వీసు, కట్టనక్కర్లేని సర్వర్

కట్టే సర్వీసుల్లో పాతది టెస్లాఫై. చాలా ఏళ్ళపాటు దాని ధర నెలకు 5 డాలర్లు, ఏడాదికైతే 50. లెక్క తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఆ ధరే తీసుకుందాం. ఐదేళ్ళకు 250 డాలర్లు.

దీనికి పోటీగా చెప్పేది టెస్లామేట్. ఇది ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు. ఇంట్లో ఒక చిన్న కంప్యూటర్ మీద మనమే నడుపుకోవాలి. సమాచారం అంతా మన డేటాబేస్‌లోనే ఉంటుంది. గరాజ్‌లో చేరేవాళ్ళలో సగంమంది ఐటీ వాళ్ళే కాబట్టి "నా డేటా నా దగ్గరే" అన్న మాట వినగానే మొగ్గేది దీనివైపే. నేనూ అలాగే మొగ్గాను.

ఉచితమన్న మాట ఎంత నిజమో చూద్దాం. రాస్ప్‌బెర్రీ పై అనే ఆ చిన్న కంప్యూటర్, మెమరీ కార్డు, పవర్ సప్లై అన్నీ కలిపి సుమారు 100 డాలర్లు. అది రోజంతా 5 వాట్లు తింటుందనుకుంటే ఏడాదికి 44 యూనిట్లు. యూనిట్ 15 సెంట్ల లెక్కన ఆరున్నర డాలర్లు. ఐదేళ్ళకు మొత్తం 133 డాలర్లు. అంటే సబ్‌స్క్రిప్షన్‌తో పోలిస్తే ఐదేళ్ళలో మిగిలేది 117. నెలకు రెండు డాలర్లు కూడా కాదు. ఆ రెండు డాలర్ల కోసం ఇంట్లో ఒక సర్వర్ అడ్మిన్ ఉద్యోగం చేయాలి. నేను ఎనిమిది నెలలు అప్‌డేట్ చేయలేదు. ఒకరోజు మెమరీ కార్డు పాడైంది. బ్యాకప్ లేదు. పద్నాలుగు నెలల చిట్టా గోదాట్లో కలిసింది.

అయితే సబ్‌స్క్రిప్షన్ ధర ఇలాగే ఉండిపోతుందనీ అనుకోకండి. కారు సమాచారం అడిగినందుకు యాప్‌ల నుంచి టెస్లా 2025 నుంచి డబ్బు వసూలు చేస్తోంది. అప్పుడు ప్రకటించిన రేట్ల ప్రకారం సమాచారం కోసం 500 సార్లు అడిగితే ఒక డాలర్, వెయ్యి ఆదేశాలకు ఒక డాలర్, నిద్రపోతున్న కారును 50 సార్లు లేపితే ఒక డాలర్. డెవలపర్ ఖాతాకు నెలకు 10 డాలర్ల మినహాయింపు ఉంది. ఒక యాప్ పాత పద్ధతిలో నిమిషానికోసారి కారును పలకరిస్తుందనుకోండి. రోజుకు 1,440 సార్లు, నెలకు 86 డాలర్ల పైమాటే. ఐదు డాలర్లు తీసుకుని 86 ఎవరు కడతారు? అందుకే కారే తనంతట తాను సమాచారం పంపే స్ట్రీమింగ్ పద్ధతికి మారక తప్పలేదు. అందులో లక్షా యాభై వేల సంకేతాలకు ఒక డాలర్. కారుదారుకు కూడా ఇదే మేలు. మాటిమాటికీ పలకరిస్తే కారు నిద్రపోదు, ఛార్జ్ ఊరికే కారిపోతుంది.

ఈ లెక్క చూశాక "లైఫ్‌టైమ్ ప్లాన్" అన్న మాట వింటే నాకు నమ్మకం కలగదు. యాప్ చేసినవాడికి ప్రతి నెలా బిల్లు వస్తుంటే మన దగ్గర ఒక్కసారి తీసుకున్న డబ్బుతో ఎన్నేళ్ళు నెట్టుకొస్తాడు? నెలకో, ఏడాదికో కట్టడం నయం.

తాళం ఎవరి చేతిలో ఉంది

2022 జనవరిలో డేవిడ్ కొలంబో అనే 19 ఏళ్ళ జర్మన్ కుర్రాడు ఒక సంగతి బయటపెట్టాడు. ఒక కంపెనీకి సెక్యూరిటీ తనిఖీ చేస్తుండగా వాళ్ళ ఉద్యోగి పెట్టుకున్న టెస్లామేట్ సర్వర్ కంటబడింది. అక్కడి నుంచి వెతుక్కుంటూ పోతే 13 దేశాల్లో 25కు పైగా కార్లు దొరికాయి. తలుపులు, కిటికీలు తెరవగలడు. నిలబెట్టిన కారుకు కాపలా కాసే సెంట్రీ మోడ్ ఆపగలడు. తాళం లేకుండా కారు స్టార్ట్ చేసే వీలు ఇవ్వగలడు. కారు ఎక్కడుందో చూడగలడు. స్టీరింగ్, బ్రేకులు మాత్రం అతని చేతికి రాలేదు.

టెస్లా సర్వర్లలో తప్పేమీ లేదు. తమ డేటా తమ దగ్గరే ఉండాలని పట్టుబట్టిన మనలాంటివాళ్ళే తమ సర్వర్‌ను ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టారు. గ్రాఫులు చూపించే గ్రఫానా పాస్‌వర్డు మొదట్లో ఏముందో అదే వదిలేశారు. కారు ఖాతాలోకి వెళ్ళే టోకెన్‌ను ఆ రోజుల్లో టెస్లామేట్ ఎన్‌క్రిప్ట్ చేయకుండా దాచేది. టెస్లా వేల టోకెన్లను రద్దు చేసింది, టెస్లామేట్ కూడా లోపాలు సరిదిద్దింది. అయినా 2025 ఆగస్టులో మరో పరిశోధకుడు వెతికితే పాస్‌వర్డు లేకుండా బయటికి కనబడే టెస్లామేట్ సర్వర్లు వెయ్యికి పైగా దొరికాయి. ఇంటికి గట్టి తలుపు పెట్టించుకుని గొళ్ళెం వేయడం మరిచిపోయినట్టుంది.

కంపెనీ యాప్ ఒక్కటే వాడితే ఏ గొడవా ఉండదు కదా అనుకుంటే అదీ పూర్తిగా నిజం కాదు. 2016లో నిస్సాన్ లీఫ్ కంపెనీ యాప్‌కు కారు గుర్తింపు నంబర్ (విన్) ఒక్కటి తెలిస్తే చాలు, ఎక్కడో ఉన్నవాళ్ళు ఏసీ వేయగలిగేవాళ్ళు, ప్రయాణాల వివరాలు చూడగలిగేవాళ్ళు. ఆ నంబర్ విండ్‌షీల్డ్ మీదే కనబడుతుంది. 2024 డిసెంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకు చెందిన దాదాపు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల సమాచారం క్లౌడ్‌లో అందరికీ అందేలా పడి ఉందని జర్మనీలో బయటపడింది. తప్పు చేయని కంపెనీ ఉండదు. కంపెనీ యాప్ ఎలాగూ తప్పించుకోలేని తలుపు. వేరే యాప్ పెట్టడమంటే మనంతట మనం ఇంకో తలుపు కొట్టించుకోవడం. ఆ రెండో తలుపు ఎంత వెడల్పుండాలన్నది మన చేతిలో ఉంది.

ఇక్కడే పర్మిషన్ల సంగతి. 2023 అక్టోబర్‌లో టెస్లా బయటి యాప్‌ల కోసం అధికారికంగా ఫ్లీట్ ఏపీఐ అనే దారి తెచ్చింది. అంతకుముందు కొన్ని యాప్‌లు మన ఈమెయిల్, పాస్‌వర్డే అడిగేవి. ఇప్పుడు టెస్లా పేజీలోనే లాగిన్ అయి, ఏమివ్వాలో విడివిడిగా టిక్ పెట్టవచ్చు. కారు సమాచారం ఒకటి, లొకేషన్ ఒకటి, ఛార్జింగ్ ఆదేశాలు ఒకటి, మిగతా ఆదేశాలు ఒకటి. ఆదేశాలు పనిచేయాలంటే పాత మోడల్ ఎస్, ఎక్స్ తప్ప మిగతా కార్లలో వర్చువల్ కీ కూడా వేయాలి. పేరులోనే ఉంది, అది తాళంచెవి.

చిట్టా రాసేవాడికి ఆదేశాల పర్మిషన్ ఎందుకు? గ్రాఫులు, మైళ్ళు, ఖర్చులు వీటికి చూసే పర్మిషన్ చాలు. నలుగురికీ చెబితే నలుగురూ అన్నీ టిక్ పెట్టేశామన్నారు, పెట్టకపోతే యాప్ పనిచేయదేమోనని. కరెంటు రాత్రి ఉచితంగా ఇచ్చే ప్లాన్ ఉండి, ఛార్జింగ్ ఆ వేళకే మొదలవ్వాలనుకుంటే అది కంపెనీ యాప్‌లోనే షెడ్యూల్ చేసుకోవచ్చు.

లొకేషన్ ఇంకో చిక్కు. ట్రిప్పుల చిట్టాకు అది కావాలి. కానీ మనవాళ్ళం ఆరు వారాలు ఇండియా వెళ్తే కారు గరాజ్‌లోనో ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లోనో కదలకుండా ఉంటుంది. ఆ గ్రాఫ్ చూసినవాడికి ఇల్లు ఎక్కడుందో, ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో రెండూ తెలిసిపోతాయి.

ఓబీడీ డాంగిల్ దారి వేరు. అది కారులో మెకానిక్‌లు లోపాలు చూసుకునే పోర్టుకు తగిలించి బ్లూటూత్‌తో ఫోన్‌కు కలుపుకునేది. క్లౌడ్ ఖాతా ఇవ్వక్కర్లేదు, ఖర్చు తక్కువ. సెకండ్ హ్యాండ్ నిస్సాన్ లీఫ్ కొనేవాళ్ళకు లీఫ్ స్పై యాప్, ఒక డాంగిల్ ఉంటే బ్యాటరీ ఆరోగ్యం అక్కడికక్కడే తెలిసిపోతుంది. కానీ చవక డాంగిల్‌ను పోర్టుకే వదిలేస్తే 12 వోల్ట్ బ్యాటరీని తాగేస్తుంది, పైగా వాటిలో చాలావాటికి జత చేసే పిన్ 1234. చూసుకుని తీసేయాల్సిన వస్తువు అది.

నా మట్టుకు నేను సొంత సర్వర్ మానేసి, కట్టే సర్వీసుకు మారాను. చూసే పర్మిషన్లు మాత్రమే ఇచ్చాను, ఆదేశాలవి ఇవ్వలేదు. ప్రతి నెలా అప్‌డేట్ చేస్తూ, బ్యాకప్ తీస్తూ, బయటి నుంచి వీపీఎన్ ద్వారా మాత్రమే చూసుకునే ఓపిక ఉన్నవాళ్ళకు టెస్లామేటే మేలు. అంత ఓపిక ఉందో లేదో తేల్చుకోవడానికి ఇంట్లో వైఫై రూటర్‌ను చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో గుర్తు తెచ్చుకుంటే చాలు.

డిసెంబర్‌కు విజయవాడ టికెట్లు బుక్ చేశాం. బయల్దేరే ముందురోజు టెస్లా ఖాతాలోకి వెళ్ళి ఆ యాప్‌కు ఇచ్చిన అనుమతి తీసేస్తాను. కారులో లాక్స్ స్క్రీన్ మీద తెలియని కీ ఏదైనా ఉందేమో కూడా చూస్తాను. ఆ ఆరు వారాల గ్రాఫ్ ఖాళీగా ఉంటుంది, ఉండనీ.