ఏడడుగుల ఎనిమిది అంగుళాల వంటగది: అయిదేళ్లు వాడిన తర్వాత

మా ఇల్లు కాకినాడలో, సముద్రపు గాలి తగిలే పాత వీధిలో ఉంది. మామగారు కట్టించినప్పుడు వంటగది పైకప్పు తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో ఉండేదట. వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్తది వేశారు. వానాకాలంలో కాలువ నీళ్లు ఇంట్లోకి రావడం మొదలైంది. రెండు విడతలుగా నేల మెరక చేసుకున్నాం. అలా ఇరవై రెండు అంగుళాలు నేలలో కలిసిపోయి, నేలకూ శ్లాబుకూ మధ్య ఏడడుగుల ఎనిమిది అంగుళాలు మిగిలాయి. జాతీయ భవన నిర్మాణ నియమావళి వంటగదికి కనీసం 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగుల ఎత్తు అడుగుతుంది. మాది 2.34. పైన మరో అంతస్తు ఉంది కాబట్టి శ్లాబు పైకి జరపలేం, వాననీటి భయంతో నేల కిందికి దించలేం. 2019 డిసెంబరులో ఆ కొలతలోనే వంటగది మొత్తం మార్పించాం. రెండు లక్షల ఎనభై అయిదు వేలు ఖర్చయింది. అయిదేళ్లకు పైగా రోజుకు మూడు పూటలా అందులో వండిన అనుభవంతో ఇది రాస్తున్నాను.

నేల లేచినప్పుడు ఎత్తు ఒక్కటే తగ్గదని నాకు పని మొదలయ్యాకే అర్థమైంది. గోడలో ఉన్నవన్నీ కిందికి దిగినట్టవుతాయి. ఏడడుగుల ఎత్తులో ఉండాల్సిన అటక అయిదడుగుల రెండు అంగుళాలకు వచ్చింది. మావారి నుదుటి మీద దాని గుర్తులు రెండున్నాయి. కిటికీ అడుగు అంచు మోకాలి దగ్గరికి దిగి, సగం కిటికీ వంటగట్టు వెనక దాక్కుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు కిటికీ పైఅంచు. అదీ అయిదడుగుల రెండు అంగుళాల దగ్గరే ఆగిపోయింది. దానికీ శ్లాబుకూ మధ్య రెండున్నర అడుగులు ఖాళీ లేని గోడ. వేడిగాలి, పోపు పొగ, కుక్కరు ఆవిరి పైకి లేచి సరిగ్గా అక్కడే నిలిచిపోయేవి. మా అత్తగారు ముప్పై ఏళ్లు ఆ పొగలో వండారు. ఆమె దగ్గుకు కారణం వెతుక్కుంటూ ఎన్నో మందులు వాడాం గానీ ఆ గోడ వైపు ఎవరం చూడలేదు.

అందుకే, పైకప్పు తక్కువగా ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది శ్లాబు కింద గాలి బయటికి పోయే దారి గురించే. పై అంతస్తు బరువు ఆ గోడ మీదే ఉంది కాబట్టి ముందు ఇంజినీరును పిలిచి చూపించాం. ఆయన ఒప్పుకున్నాక శ్లాబుకు ఒక ఇటుక వరుస కింద, సన్నని కాంక్రీటు బద్దె పోయించి, రెండడుగుల వెడల్పు, అడుగు ఎత్తున రెండు వెంటిలేటర్లు తీయించాం. ఒకదానిలో తొమ్మిది అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, రెండోదానికి దోమతెర. పాత కిటికీని గట్టు ఎత్తు వరకు ఇటుకలతో మూయించాం. మొత్తం పనిలో దీనికి అయిన ఖర్చు చాలా తక్కువ, దక్కిన సుఖం అన్నిటికన్నా ఎక్కువ. పని చేయించకముందు ఒక మే నెల మధ్యాహ్నం, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, చిన్న థర్మామీటరును గట్టు దగ్గర ఒకసారి, శ్లాబు కింద ఒకసారి పెట్టి చూశాను. ఆరు డిగ్రీల తేడా వచ్చింది. ఇప్పుడు ఫ్యాను తిరుగుతుంటే రెండు డిగ్రీలు దాటడం లేదు.

అటక తీసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. దాని ఇనుప చువ్వలు కిటికీ పైన గోడ బరువు మోసే లింటెల్ అనే కాంక్రీటు దూలంలో నుంచే వస్తాయి. సమ్మెటతో బాదితే లింటెల్ కదులుతుంది. మా మేస్త్రీ “కోతయంత్రంతో ముక్కలుగా తీద్దాం అమ్మా, ఒక రోజు ఎక్కువ పట్టినా పర్వాలేదు” అన్నారు. ఆ మాట విన్నందుకు గోడకు ఒక్క బీట కూడా రాలేదు.

జిప్సం ఫాల్స్ సీలింగ్ వేయించుకోమని ముగ్గురు చెప్పారు. ఉన్న ఎత్తులో మరో నాలుగైదు అంగుళాలు దానికి ఇచ్చుకోవాలి. వద్దన్నాను. శ్లాబుకు తెల్ల ఎనామిల్ రంగు వేయించి, పైకి అంటి ఉండే పలుచని ఎల్‌ఈడీ పలకలు రెండు పెట్టించాను. డిస్టెంపరు అయితే ఏడాదికే పొయ్యి మీద భాగం పసుపుపచ్చగా మారేది. ఎనామిల్‌ను రెండు నెలలకోసారి సబ్బునీళ్ల గుడ్డతో తుడుస్తున్నాను, ఇప్పటికీ తెల్లగానే ఉంది. నిచ్చెన ఎక్కకుండానే పైకప్పు తుడవగలగడం మా వంటగదికున్న సౌకర్యం.

మొదట పెట్టిన దీపాలు నీలివెలుగువి, 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత ఇది, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు వెళ్తుంది). ఆ వెలుగులో మినప్పప్పు ఎర్రబడిందో మాడిందో తెలిసేది కాదు. ఏడాది తిరక్కుండానే 4000 కెల్విన్‌కు మార్చుకున్నాను. పై అల్మరాల అడుగున కూడా అదే రంగు దీపాల పట్టీ ఉంది. పైకప్పు తక్కువైనప్పుడు దీపం నెత్తి మీదే ఉంటుంది, మన నీడ కూరగాయల మీద పడుతుంది. ఆ పట్టీ లేకపోతే రాత్రిపూట గట్టు మీద కూరగాయలు తరగడం కష్టమే.

అల్మరాల లెక్క చెబుతాను. శ్లాబు వరకు 92 అంగుళాలు. గట్టు 33, దాని పైన ఖాళీ 22, మిగిలిన 37 అంగుళాలు అల్మరాలు. శ్లాబుకు ఆనించి కట్టించడం వల్ల పైన దుమ్ము చేరే సందు లేదు. అయిదడుగుల ఒక్క అంగుళం ఎత్తున్న నేను చిన్న పీట వేసుకుంటే చివరి అర కూడా అందుతుంది. ఎత్తయిన వంటగదుల్లో పై అరలు పండగ గిన్నెలకే పరిమితమవుతాయి, నాకు ప్రతి అరా రోజూ పనికొస్తోంది. అయితే ఇవి ఒక్క గోడకే. పొయ్యి ఉన్న వైపు చిమ్నీ తప్ప ఏమీ పెట్టించలేదు. రెండు వైపులా పెట్టి ఉంటే గది మీద పడినట్టుండేది.

చిమ్నీ విషయంలో ఆరు నెలలు బాధపడ్డాను. పొయ్యి పైభాగం నేల నుంచి 38 అంగుళాలు, దాని మీద 28 వదిలితే చిమ్నీ అడుగు 66కు వస్తుంది. శ్లాబుకు మిగిలేది 26. చిమ్నీ పెట్టె, గొట్టం వంపు అందులోనే ఇమడాలి. బిగించడానికి వచ్చినవారు ఆరంగుళాల గొట్టాన్ని నాలుగంగుళాలకు కుదించి, రెండు వంపులు తిప్పి బయటికి తీశారు. చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉండేది, పొగ మాత్రం వెనక్కే వచ్చేది. తర్వాత వేరే మనిషిని పిలిచి, చిమ్నీ వెనక గోడకే ఆరంగుళాల రంధ్రం చేయించి, ఒక్క వంపుతో సరిచేయించాను. యంత్రం అదే, ఇప్పుడు మిరపకాయల పోపు పెట్టినా హాల్లో ఎవరూ తుమ్మడం లేదు. కొనేటప్పుడు దాని పీల్చే శక్తి ఎంతో అందరూ అడుగుతారు, గొట్టం దారి ఎలా ఉంటుందో అంతకన్నా ముందు అడగాలి.

చెక్క పనికి ఐ.ఎస్. 710 ప్రమాణం ఉన్న, నీటికి తట్టుకునే ప్లైవుడ్ వాడాం. సింకు కింద రెండుసార్లు నీళ్లు కారినా ఉబ్బలేదు. తీగ బుట్టల దగ్గర మాత్రం డబ్బు మిగిలిందనుకుని 202 రకం, అంటే చవకరకం స్టెయిన్‌లెస్ ఉక్కువి తీసుకున్నాం. ఉప్పుగాలికి రెండో ఏటే తుప్పు పట్టాయి. వాటి స్థానంలో చెక్క సొరుగులు చేయించాను. పప్పుల డబ్బాల అరలు కడప రాయితో వేయించాం, వాటిని తుడవడం తప్ప ఇంతవరకు మరో పని పడలేదు.

సీలింగ్ ఫ్యానుకు చోటు లేదు. గోడ ఫ్యాను పెడితే మంట ఊగుతోంది. కూరగాయలు తరిగే మూలకు దాన్ని తిప్పుకుని, పొయ్యి వెలిగించగానే కట్టేస్తున్నాం. దీనికి ఇంతకన్నా మంచి మార్గం నాకు దొరకలేదు. వేసవిలో పూరీలు వేయించేటప్పుడు చెమట తప్పడం లేదు.

మా వీధి రోడ్డు మళ్లీ వేస్తారని ఈమధ్య కొలతలు తీసుకువెళ్లారు. పాత పొర తవ్వి తీసిన తర్వాతే కొత్తది వేయాలని వీధివాళ్లమంతా సంతకాలు చేసి అర్జీ ఇచ్చాం. వాళ్లు వినకపోతే వీధి గుమ్మానికి ఎత్తయిన రాతి గడప పెట్టిస్తాను. వంటగది నేలను మాత్రం ఇంకొక్క అంగుళం కూడా లేవనివ్వను.