కొబ్బరిచెట్ల కింద శాటిలైట్ డిష్షా, రెండు సిమ్‌ల రౌటరా: ఏది మేలు?

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, అప్పట్నించీ మా కోనసీమలో ఇంట్లోంచి సాఫ్ట్‌వేర్ పని చేసుకునే కుర్రాళ్లందరిదీ ఒకటే పాట, ఉపగ్రహం నుంచి నెట్ పట్టే, బ్యాగులో పట్టే చిన్న డిష్ ఒకటి కొనేస్తే పోలా అని. మా బావ సంగతి వేరు, ఆయన ఊళ్లో వరదొస్తే పడవలు, భోజనాల ప్యాకెట్లు చూసుకునే మనిషి, ఆయనక్కావాల్సింది వీడియో కాల్ కాదు, "ఏటి మధ్య ఫలానా లంకలో ఇంతమంది ఉన్నారు, పడవ పంపండి" అని చెప్పడానికి ఏదో ఒక లైను. ఇద్దరం ఒకే వస్తువు గురించి వారం రోజులు వాదించుకున్నాం, తీరా చూస్తే మా ఇద్దరికీ కావాల్సినవి వేరువేరండి.

ముందు ఆ డిష్ సంగతి. ఎలాన్ మస్క్ కంపెనీ స్టార్‌లింక్ వాళ్ల మినీ డిష్ అనేది కేజీకి కాస్త ఎక్కువ బరువు, పరీక్ష రాసే అట్ట కన్నా చిన్నది, వైఫై కూడా లోపలే ఉంటుంది. దాని ఉపగ్రహాలు దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి మాట వెంటనే అవతలికి వెళ్తుంది. పాత పద్ధతి శాటిలైట్ నెట్ వీశాట్, అదే గొడుగులాంటి డిష్ పెట్టేది, దాని ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల పైన ఉంటుంది, వెళ్లి రావడానికే అరసెకను పైన పడుతుంది, మీటింగులో మనం నోరు తెరిచేసరికి అవతలోడు ఇంకో మాట ఎత్తుకుంటాడు, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. ఆఫీసు పనికి ఈ రెండిట్లో ఏది అంటే అడగక్కర్లేదు.

కానీ కోనసీమలో ఆకాశం ఎక్కడుందండీ? ఆ కంపెనీ యాప్‌లో ఫోన్ కెమెరా పైకి తిప్పితే అడ్డాలు ఎక్కడున్నాయో చూపించే సదుపాయం ఉంది, మా పెరట్లో నిలబడి తిప్పా, చుట్టూరా ఎర్రగానే వచ్చింది, కొబ్బరిమట్టలు. డాబా ఎక్కినా పడమటి వైపు మూడు చెట్లు. ఆ ఉపగ్రహాలు నెత్తిమీంచి కదులుతూ పోతుంటాయి, అందుకని డిష్‌కి ఆకాశం బాగా విశాలంగా కనపడాలి, మట్ట గాలికి ఊగి అడ్డం వచ్చినప్పుడల్లా కాల్ రెండు మూడు సెకన్లు బిగుసుకుపోతుంది. చెట్లు కొట్టేద్దాం నాన్నా అంటే ఆయన నన్ను కొట్టేలా ఉన్నాడు, 96 తుఫానుకి పోగా మిగిలినవి అవి. తమాషా ఏంటంటే ఈ ఒక్క విషయంలో వీశాటే నయం, దాని ఉపగ్రహం ఒకే చోట నిలబడి ఉంటుంది, చెట్ల మధ్య ఒక్క సందు దొరికితే చాలు. కాకపోతే గాలికి ఆ గొడుగు నాలుగు వేళ్లు పక్కకి జరిగిందా, మళ్లీ మనిషొచ్చి తిప్పాలి.

వాన సంగతి కూడా చెప్పుకోవాలి. స్టార్‌లింక్ వాడే కేయూ బ్యాండ్ రేడియో తరంగాలని కుండపోత వాన మింగేస్తుంది, అయినా తుఫాను తీరం దాటే రాత్రి కేజీ పలకని డాబా మీద ఎవడు పెడతాడు, ఎగిరి బోదెలో పడుతుంది. ఆ నాలుగైదు గంటలూ పనికొచ్చేది శాటిలైట్ ఫోన్. అది వాడే ఎల్ బ్యాండ్ తరంగాలు వానకి పెద్దగా బెదరవు. మన దేశంలో దాన్ని బీఎస్ఎన్ఎల్ ద్వారా ఇన్‌మార్‌శాట్ కంపెనీది అనుమతితో తీసుకోవాలి, దుబాయ్ నుంచి బంధువులు తెచ్చారని తురాయా, ఇరిడియం లాంటి వేరే కంపెనీల సెట్టు వాడితే కేసే. డిష్‌కీ అంతే, స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో లైసెన్సు, జులైలో అంతరిక్ష రంగానికి అనుమతులిచ్చే సర్కారు సంస్థ ఇన్‌స్పేస్ అనుమతి వచ్చాయి గానీ బయట దేశంలో కొన్న పెట్టె సంచిలో పెట్టుకొచ్చి ఇక్కడ ఆన్ చెయ్యొచ్చని దానర్థం కాదు. ఇక ఆ ఫోన్లో నెట్ అంటే మర్చిపోండి, మాట, మెసేజ్, అంతే. బావకి అదే చాలు మరి.

గోదావరి వరద వేరు. తుఫానులా నెత్తిన పడదు, భద్రాచలంలో నీళ్లు పెరిగాయంటే మనకి టైముంటుంది, ధవళేశ్వరంలో 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక, 2022 జులైలో 25 లక్షలు దాటింది, 1986లో 35 లక్షలని పెద్దోళ్లు ఇప్పటికీ గోడ మీద గుర్తు చూపిస్తారు. కానీ చాలాసార్లు వానంతా పైన పడుతుంది, ఇక్కడ మాత్రం ఎండ కాస్తుంటుంది, కాజ్‌వే మునిగి లంకలో జనం రోజుల తరబడి ఇరుక్కుని ఉంటారు. అప్పుడు ఆ చిన్న డిష్‌ని మించింది లేదు. పడవలో ఏటి మధ్యకెళ్తే కొబ్బరిచెట్టు అడ్డమే ఉండదు, డాక్టరుకి వీడియో చూపించొచ్చు, పేర్ల లిస్టు పంపొచ్చు, వైఫై ఇస్తే చుట్టూ ఉన్నోళ్లంతా ఇళ్లకి ఫోన్లు చేసుకుంటారు.

రోజూ పనికి నేనైతే రెండు సిమ్‌ల 4జీ రౌటరే అంటా, డాబా మీద గొట్టానికి యాంటెన్నా కట్టి టవర్ వైపు తిప్పితే ఇంట్లో ఒక గీత ఉన్నచోట మూడు గీతలొస్తాయి. దీన్లో ఒక మెలిక ఉంది, నేను కూడా దెబ్బ తిన్నాకే తెలుసుకున్నా. రెండు కంపెనీల సిమ్‌లున్నాయి కదా అని ధీమాగా ఉన్నా, తీరా ఆ రెండు కంపెనీల పరికరాలూ ఒకే టవర్ మీద ఉన్నాయి, జనరేటర్లో డీజిల్ అయిపోయింది, రెండూ ఒకేసారి పోయాయి. సిమ్ కొనేముందు ఏ టవర్‌దో కనుక్కోండి. విపత్తుల్లో ఒక్కోసారి ఒక కంపెనీ సిమ్‌కి ఇంకో కంపెనీ నెట్‌వర్క్ తగిలేలా సర్కారు ఏర్పాటు చేయిస్తుంది, అప్పుడు ఫోన్లో నెట్‌వర్క్‌ని చేత్తో ఎంచుకుని చూడాలి.

అసలు లెక్క కరెంటుది. మా ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులది, 150 ఏహెచ్, సగం వరకే వాడుకుంటే 900 వాట్ అవర్లు. మినీ డిష్ 25 నుంచి 40 వాట్లు తాగుతుంది, అంటే 40 లెక్కన ఇరవై రెండు గంటలు, రౌటర్ పది వాట్లనుకుంటే మూడుముప్పావు రోజులు. ఇందులో ఫ్యాను, లైటు కలపలేదు, మా అమ్మ ఫ్యాన్ ఆపనిస్తుందా అనేది వేరే పంచాయితీ. డిష్‌ని 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలపొచ్చు, కానీ వైరు సన్నగా పొడుగ్గా ఉంటే వోల్టేజి పడిపోయి అది మాటిమాటికీ ఆరి వెలుగుతుంది, మందం వైరు పొట్టిగా వేసుకోవాలి.

ఇంకోటి, 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు నెట్ ఆపేస్తే మా కుర్రాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని పక్క ఊళ్లకి పరిగెత్తారు గుర్తుందా, డిష్ ఉంటే ఆ బాధ ఉండేది కాదనుకునేవాళ్లకి చెప్తున్నా, 2025లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫలానా ప్రాంతంలో ఆపమంటే ఈ కంపెనీలూ ఆపాల్సిందే.

చివరికి నేను బ్యాటరీ ఇంకోటి కొన్నా, వేరే టవర్ సిమ్ ఒకటి తీసుకున్నా. బావ మాత్రం నిన్న తుఫాన్ షెల్టర్ మీదకెక్కి నా ఫోన్ ఆకాశం వైపు తిప్పాడు, ఎర్రచుక్క ఒక్కటీ రాలేదు, కింద జనరేటర్ గది కూడా ఉంది. డిష్ అంటూ వస్తే దాని చోటు అక్కడేనని పంచాయతీ మీటింగులో పెడతానంటున్నాడు.