ముసలి పిల్లికి కామెర్లు: రక్తపరీక్షా, ఎక్స్‌రేనా, అల్ట్రాసౌండా, సీటీనా?

పదేళ్లు దాటిన పిల్లి తిండి మానేసి, చిగుళ్లూ చెవుల లోపలి చర్మమూ పచ్చబడ్డాయంటే మొదట తేల్చాల్సింది ఒకటే. జబ్బు కాలేయంలో ఉందా, లేక కాలేయం నుంచి పేగుకు పిత్తాన్ని చేర్చే బయటి పిత్తనాళంలో అడ్డు పడిందా? మందులతో సరిపోతుందా, ఆపరేషన్ కావాలా అన్నది దీన్నిబట్టే ఉంటుంది.

రక్తపరీక్ష తప్పనిసరి, కానీ అదొక్కటే చాలదు. ముందు పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం) చూడాలి. అది బాగా తగ్గి ఉంటే ఎర్ర రక్తకణాలు విరిగిపోవడం వల్ల కామెర్లు వచ్చాయేమో ఆలోచించాలి. కాలేయ ఎంజైముల్లో ఏఎల్‌పీ బాగా పెరిగి జీజీటీ మామూలుగా ఉంటే కాలేయానికి కొవ్వు పట్టిందని అనుమానం. రెండూ పెరిగితే పిత్తనాళాల జబ్బు వైపు మొగ్గు. చిక్కేమిటంటే, నాళం మూసుకుపోయిన పిల్లి కూడా తిండి మానేస్తుంది, దానికీ కాలేయంలో కొవ్వు చేరుతుంది.

ఎక్స్‌రేలో నాళం కనిపించదు. కాల్షియం చేరిన రాళ్లుంటే కనిపిస్తాయి, అంతే. కేన్సర్ ఊపిరితిత్తులకు పాకిందేమో చూడటానికి మాత్రం ఛాతీ ఎక్స్‌రే పనికొస్తుంది.

మా ఓటు అల్ట్రాసౌండ్‌కే, అదీ ఓపికగా చేస్తేనే. కుడి పక్క చివరి పక్కటెముకల దాకా వెంట్రుకలు గొరిగి, 8 మెగాహెర్ట్జ్ పైబడిన ప్రోబ్ వాడాలి. పిత్తాశయం మెడ దగ్గర మొదలుపెట్టి, నాళాన్ని డుయోడినమ్‌లో (చిన్నపేగు మొదటి భాగం) కలిసేదాకా వదలకుండా పట్టుకుపోవాలి. పక్కనే పోర్టల్ సిర (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చేది) ఉంటుంది. రక్తప్రవాహాన్ని రంగులో చూపే కలర్ డాప్లర్ పెడితే సిరలో రంగు వస్తుంది, నాళంలో రాదు. లోపలి గోడ నుంచి లోపలి గోడకు కొలిస్తే 4 మిల్లీమీటర్ల లోపు మామూలు. 5 దాటితే అడ్డు ఉందని గట్టి అనుమానం. ఉబ్బిన నాళం పాములా మెలికలు తిరుగుతుంది.

పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. పిత్తాశయం పెద్దగా ఉందని అడ్డు ఉందనేస్తారు, కానీ తినని పిల్లికి అది నిండే ఉంటుంది. చిన్నగా ఉందని అడ్డు లేదనుకోవడమూ తప్పే, నాళం మూసుకున్న చాలా పిల్లుల్లో అది ఉబ్బదు. పాత అడ్డు తొలగిపోయినా నాళం వెడల్పుగానే మిగిలిపోవచ్చు. అందుకే ఒక్క కొలతను నమ్మకుండా 24–48 గంటల తర్వాత అదే చోట మళ్లీ కొలిచి, రక్తంలోని బిలిరుబిన్‌తో (కామెర్ల పసుపు పదార్థం) కలిపి చూడాలి. రెండూ తగ్గుతుంటే, ముఖ్యంగా క్లోమం వాపు వల్ల వచ్చిన అడ్డయితే, ఆగి చూడొచ్చు. నాళంలో రాయి గానీ గడ్డ గానీ కనిపించి, బిలిరుబిన్ పెరుగుతూనే ఉంటే ఆలస్యం చేయకండి.

పేగుల్లో గాలి వల్ల నాళం చివరి భాగం కనిపించకపోతే, లేదా గడ్డ ఎంతవరకు పాకిందో సర్జన్‌కు తెలియాల్సి వస్తే సీటీ మేలు. కానీ దానికి సాధారణంగా పూర్తి మత్తు, స్కాన్‌లో భాగాలు స్పష్టంగా కనిపించేలా ఎక్కించే కాంట్రాస్ట్ మందు కావాలి. నీరసించిన ముసలి పిల్లికి ముందు సెలైన్‌తో బలం చేకూర్చాలి. సీటీలో గడ్డ కనిపించినా అది కేన్సరా, వాపా అన్నది సూదితో కణాలో, చిన్న ముక్కో తీసి పరీక్షించి తేల్చాల్సిందే.

సూది వేసే ముందు రక్తం గడ్డకట్టే సమయం చూడండి. పిత్తం పేగుకు చేరకపోతే విటమిన్ కె ఒంటబట్టదు. అందుకే కిలోకు 0.5–1.5 మిల్లీగ్రాముల విటమిన్ కె1ను చర్మం కింద 12 గంటలకోసారి చొప్పున మూడు మోతాదులు ఇస్తారు. నాళం పూర్తిగా మూసుకుందనిపిస్తే పిత్తాశయంలోకి మాత్రం సూది దించకండి. ఆ ఒత్తిడికి పిత్తం పొట్టలోకి కారే ప్రమాదం ఉంది.