ఆరేళ్ళుగా ఆరెగాన్ తీరంలో ట్రైలర్ క్యాంపింగ్: ముందు వరస సైట్ వద్దు, చెట్ల వెనకది తీసుకోండి

బండి వెనక తగిలించి లాక్కెళ్ళే మా 24 అడుగుల ట్రైలర్ (చక్రాల మీద చిన్న ఇల్లు అనుకోండి) కొని ఈ వేసవికి ఆరేళ్ళు. ఉండేది అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో, కొండలు దాటితే సముద్రమే, అందుకే రెండు రోజులు సెలవు దొరికితే చాలు తీరం వెంట వెళ్ళే 101 హైవే ఎక్కేస్తాం. పైన నెహేలమ్ బే నుంచి కింద బ్రూకింగ్స్ పక్కన హారిస్ బీచ్ దాకా స్టేట్ పార్కులు చాలావాటిలో దిగాం, కొన్నిట్లో మూడు నాలుగు సార్లు. షవర్లు, డంప్ స్టేషన్ (ట్రైలర్ మురుగు నీళ్ళు వదిలే చోటు), ఆరు నెలల ముందే బుకింగ్, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే: మీ సైట్‌కీ (ట్రైలర్ నిలిపే చోటుకీ) సముద్రానికీ మధ్య చెట్లు ఉన్నాయా లేవా.

మొదటి ఏడాది నేనే అందరికీ చెప్పాను, డబ్బులు ఎక్కువైనా పర్లేదు ఓషన్ ఫ్రంటే, అంటే సముద్రం ఎదురుగా ముందు వరసే తీసుకోండి అని. మంచం మీద పడుకుని మార్చిలో తిమింగలాలు నీళ్ళు చిమ్ముతుంటే చూశాం మరి, అది చూశాక ఎవరైనా అలాగే చెప్తారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ అప్పటికి మేం అక్కడ ఉన్నది రెండు రాత్రులే, అది కూడా గాలి లేని రోజుల్లో.

జులైలో వెళ్తే తెలిసింది. ఇక్కడ వేసవి గాలి ఉత్తరం నుంచి వస్తుంది, పొద్దున్న ఆకు కదలదు, మధ్యాహ్నం అయ్యేసరికి లోపల పోర్ట్‌లాండ్ వైపు ఎండ ఎంత మండితే ఇక్కడ గాలి అంత పెరుగుతుంది, సాయంత్రం నాలుగింటికి ఆనింగ్ (ట్రైలర్ పక్కకి తెరుచుకునే గుడ్డ పందిరి) తెరిచే ధైర్యం చెయ్యలేం, బయట గ్యాస్ స్టవ్ మీద దోసె వేద్దామంటే మంట పక్కకి పడుకుంటుంది లేదా ఆరిపోతుంది. చలికాలం తుఫాన్లు అయితే దక్షిణం వైపు నుంచి కొడతాయి. అంటే జులైలో బాగున్న సైట్ నవంబర్‌లో బాగుండాలని లేదు. మ్యాప్‌లో సైట్ నంబర్ చూసేటప్పుడు నేనిప్పుడు ముందు చూసేది ఉత్తరం ఎటు, అటువైపు చెట్లున్నాయా అని.

అసలు దెబ్బ మాత్రం గాలితో తగల్లేదు, ఉప్పుతో తగిలింది. మూడో ఏడాది అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు, వాళ్ళకి సముద్రం ఎదురుగా ఉండాలని ఒక ప్రైవేట్ పార్క్‌లో మొట్టమొదటి వరస సైట్ తీసుకున్నాం, మామూలు సైట్ కంటే బాగా ఎక్కువే కట్టాం. చలిగా ఉందని 1500 వాట్ల హీటర్ పెట్టాం, నీళ్ళ హీటర్ కూడా కరెంట్ మీదే, అమ్మ రైస్ కుక్కర్ పెట్టింది. సైట్ పక్కన పార్క్ వాళ్ళ కరెంట్ స్తంభం నుంచి వచ్చేది 30 ఆంప్ లైన్, అంటే 3600 వాట్లు, దాదాపు అంతా వాడేస్తున్నామని తెలుసు, బ్రేకర్ ఉందిగా ఎక్కువైతే పడిపోతుందిలే అనుకున్నా. రాత్రి ఎనిమిదిన్నరకి హీటర్ ఫ్యాన్ శబ్దం తగ్గుతూ పెరుగుతూ ఉంది. నేను పట్టించుకోలేదు. నాన్నే లేచి కూర్చున్నారు, "అమ్మాయ్, ప్లాస్టిక్ కాలిన వాసన, నీకు రావట్లా?" అన్నారు.

టార్చ్ పట్టుకుని బయటికి పరిగెత్తి ముందు ఆ స్తంభం మీది బ్రేకర్ ఆపేశాను. ప్లగ్ లాగితే రాలేదు. మా ప్లగ్ అంచు కరిగి సాకెట్‌కి అతుక్కుపోయింది, పట్టుకుంటే చెయ్యి కాలింది. పొద్దున్న పార్క్ వాళ్ళు వచ్చి ఊడదీశాక చూస్తే మూడు పిన్నుల్లో ఒకటి నల్లగా మాడి ఉంది, సాకెట్ లోపల ఇత్తడి మొత్తం పచ్చగా చిలుం పట్టి ఉంది, వేలితో గీకితే పొడి రాలింది. సముద్రపు గాలికి ఇక్కడ అన్నీ ఇంతేనండి అన్నాడు వచ్చినాయన, చాలా మామూలుగా. ఆ అదనపు డబ్బులు వెనక్కి ఇవ్వలేదు, ఆ బాధ నాకింకా పోలేదు.

ఆ తర్వాత అర్థం చేసుకున్నది ఏంటంటే బ్రేకర్ కరెంట్ ఎక్కువైతేనే పడుతుంది, మనం 30 ఆంప్ లోపలే ఉన్నా చిలుం పట్టిన చోట, వదులుగా ఉన్న చోట పిన్ను వేడెక్కుతుంది, అది బ్రేకర్‌కి తెలియదు. వోల్టేజ్ ఒక్కసారిగా పెరిగితే కాపాడే మా సర్జ్ ప్రొటెక్టర్ కూడా ఏమీ అనలేదు. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా బ్రేకర్ ఆపి, టార్చ్ వేసి సాకెట్ లోపలికి చూస్తాను, పక్కన 50 ఆంప్ సాకెట్ ఉంటే అడాప్టర్ పెట్టి దాన్నే వాడతాను ఎందుకంటే అది తక్కువ అరిగి ఉంటుంది, అరగంటయ్యాక వెళ్ళి ప్లగ్‌ని చేత్తో ముట్టుకుంటాను. గోరువెచ్చగా ఉంటే సరే, అంతకంటే వేడిగా ఉంటే హీటర్ బంద్.

ప్లగ్ మాడిన మర్నాడు పొద్దున్నే ఫోన్‌లో చూస్తే అదృష్టం కొద్దీ బెవర్లీ బీచ్‌లో ఎవరో క్యాన్సిల్ చేసిన సైట్ దొరికింది. మాడిన ప్లగ్ కోసేసిన వైరుకి హార్డ్‌వేర్ షాపులో కొత్త ప్లగ్ కొని మా ఆయన బిగించేసరికి మధ్యాహ్నం. ఈ క్యాంప్‌గ్రౌండ్ హైవేకి తూర్పు వైపు ఉంటుంది, సముద్రం కనపడదు, పెద్ద పెద్ద స్ప్రూస్ చెట్లు, పక్కన వాగు. బీచ్‌కి వెళ్ళాలంటే హైవే వంతెన కింద నుంచి నడిచి వెళ్ళాలి. అమ్మ మొహం చిన్నబోయింది, సముద్రం ఏదమ్మా అంది. నాన్న మాత్రం దిగి చెట్ల మధ్య నిలబడి చెవి పెట్టి విన్నారు. ఆయనది దివిసీమ, 77 ఉప్పెన చూసిన మనిషి. "ఇదీ పద్ధతి. మన దగ్గర సరుగుడు తోట ఎందుకేస్తారనుకున్నావు? సముద్రానికి మొహం పెట్టి ఇల్లు కట్టుకోరే" అన్నారు. హోరు వినపడుతూనే ఉంది, గాలి మాత్రం లేదు. ఆ సాయంత్రం నాలుగింటికి బయట స్టవ్ వెలిగిస్తే మంట నిటారుగా నిలబడింది. పెసరట్లు వేశాం, పద్దెనిమిది.

వంతెన కింద నుంచి ఒక్కసారిగా బయటపడితే ఎదురుగా మొత్తం సముద్రం, ఎడమ వైపు దూరంగా యాక్వినా హెడ్ లైట్‌హౌస్. కిటికీలోంచి రోజంతా చూసిన దానికంటే ఆ ఒక్క క్షణం నాకు ఎక్కువ నచ్చింది. అయినా ఈ రాష్ట్రంలో 1967 చట్టంతో బీచ్ అంతా జనానిదే, దాదాపు 360 మైళ్ళూ ఎవరైనా నడవొచ్చు, ఇంక ముందు వరసకి అంత డబ్బు ఎందుకు అని నా లెక్క.

చెట్ల కింద కష్టాలు లేవని కాదు. సోలార్ ప్యానెల్ దండగ, పొద్దున్న కిటికీలన్నీ చెమ్మ, రూఫ్ మీద జిగురు కారి గోకలేక చచ్చాం, బెవర్లీలో హైవేకి దగ్గర సైట్ పడితే రాత్రి ట్రక్కుల చప్పుడు కూడా. బ్యాండన్ పక్కన బుల్లర్డ్స్ బీచ్ నాకు అన్నిటికంటే ఇష్టం, గాలి అస్సలు తగలదు, నది పక్కన 1896 నాటి లైట్‌హౌస్ ఉంది, కానీ అక్కడ క్యాంప్ నుంచి సముద్రానికి మైలు పైనే.

మాకు ఇద్దరు పిల్లలు, వంట అంతా బయటే, ట్రైలర్ ఇంకో పదేళ్ళు నడవాలి, అందుకే నేను ఇలా చెప్తున్నా. చిన్న వ్యాన్‌లో ఒక్క రాత్రి ఆగి పొద్దున్నే వెళ్ళిపోయేవాళ్ళకి ముందు వరసే బాగుండొచ్చు. మా అమ్మకి ఇప్పుడు మోకాళ్ళు నొప్పి, ఇసుకలో నడవలేదు. వచ్చే జూన్‌లో వాళ్ళు మళ్ళీ వస్తున్నారు, బుల్లర్డ్స్‌లో నాలుగు రాత్రులు బుక్ చేశాం, తిరిగొచ్చేటప్పుడు దారిలో ఒక్క రాత్రికి మాత్రం ముందు వరస సైట్ తీసుకున్నాను, మంచం పక్క కిటికీ సముద్రం వైపు వచ్చేలా. ఆ రాత్రికి హీటర్ గ్యాస్ మీదే.